పై వాటా

రైలు దిగగానే ఊరు చూడాలి. మధ్యాహ్నానికి ఇల్లు చూడాలి. సాయంత్రానికి ఆసుపత్రివాళ్ళకి వస్తాననో రాననో చెప్పెయ్యాలి. ఆ ఉదయం కంగారయ్య వేసుకున్న పథకం ఇంతే. వినడానికి చిన్నదే గానీ దానికోసం ఆయన వారం రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు. మబ్బు తునక కూడా లేని ఎండల్లో గొడుగు పెట్టుకున్నాడు. తలనొప్పి మాత్రలు, కడుపునొప్పి మాత్రలు పెట్టుకుని, ఆ రెండూ కలిపి వేసుకుంటే ఏమవుతుందోనన్న భయంతో దానికి విరుగుడుగా ఇంకో రకం మాత్రలు కూడా సంచిలో వేసుకున్నాడు.

కంగారయ్య అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పళ్ళ డాక్టరుగారి వెనకగదిలో కూర్చుని కట్టుడుపళ్ళు తయారుచెయ్యడం ఆయన పని. డాక్టరుగారు రోగి నోటి అచ్చు తీసి లోపలికి పంపిస్తారు, ఈయన దాన్ని బట్టి పళ్ళ సెట్టు కట్టి బయటికి పంపిస్తాడు. అచ్చు తప్ప మనిషి కనపడడు. "సరిపోతుందంటారా? గుచ్చుకోదు కదా? నిద్రలో మింగెయ్యరు కదా?" అని ప్రతి సెట్టుకీ గుండెలు బాదుకుంటాడు కనక డాక్టరుగారే ఆ పేరు తగిలించారు. పనితనానికి మాత్రం వంక పెట్టలేం. పళ్ళు మరీ తీర్చినట్టుంటే కట్టుడుపళ్ళని చూడగానే తెలిసిపోతుందని, ఎడమపక్క కోరపన్నుని పక్కదాని మీదికి కాస్త ఎక్కించి పెట్టేవాడు. ఆ కిటుకు ఆయనకి ఎవరూ నేర్పలేదు. అద్దంలో తన నోరు చూసుకుని ఉన్నదున్నట్టు దించేశాడు. భగవంతుడు ఆయనకి ధైర్యం ఇవ్వకపోయినా మంచి పలువరస ఇచ్చాడు.

ఇప్పుడు డాక్టరుగారికి వయసు మీదపడి ఆసుపత్రి మూసేస్తున్నారు. ఈ పెద్ద ఊళ్ళోని పళ్ళ ఆసుపత్రివాళ్ళు మంచి ఉద్యోగం ఇస్తామన్నారు, కాకపోతే ఈ సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమన్నారు. ఇది జారిపోతే ఆయనకి వేరే దిక్కు లేదు. అడ్డమల్లా భార్య పెట్టిన షరతు ఒక్కటే.

"తెలిసినవాళ్ళు ఒక్కరైనా లేని ఊరికి నేను రాను," అందావిడ. ఆవిడ లెక్కల టీచరు. చెప్పిన మాటని గొంతు పెంచకుండా మళ్ళీ అదే చెప్పడం ఆవిడకి వృత్తిరీత్యా వచ్చిన అలవాటు.

ఆ షరతు ఊరికే పుట్టలేదు. పెళ్ళైన కొత్తల్లో ఇలాగే ముక్కూమొహం తెలియని ఊళ్ళో కాపురం పెట్టారు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆవిడ కడుపునొప్పితో నేలమీద పడి మెలికలు తిరిగిపోయింది. ఈయన వీధిలోకి పరిగెత్తాడు గానీ ఏ తలుపు కొట్టాలో తెలియలేదు. ఒక గుమ్మం ముందు నిలబడి, కాదనుకుని ఇంకో గుమ్మానికి వెళ్ళి, అక్కడ కొడితే తలుపు తీసినావిడ ఈయన వాలకం చూసి మళ్ళీ మూసేసింది. చివరికి ఎవరో దారినపోయే బండివాడు పుణ్యం కట్టుకున్నాడు. ఆవిడ బతికి బయటపడింది గానీ ఆ మధ్యాహ్నాన్ని ఇద్దరూ మర్చిపోలేదు. కొట్టడానికి ఒక్క తలుపు, తీస్తే గుర్తుపట్టే ఒక్క ముఖం, ఆవిడ కోరేది అంతకంటే ఏమీ లేదు. ఆ ఒక్క ముఖాన్ని ఒక్క పూటలో ఎక్కణ్ణుంచి పుట్టించాలన్నదే కంగారయ్య బెంగ.

కొత్తవాళ్ళమని ఎవరికీ తెలియకూడదని ఆయన గట్టి నిర్ణయం. తెలిస్తే మోసం చేస్తారట. అందుకని దారి ఎవర్నీ అడక్కుండా, పుట్టి పెరిగినవాడిలా చెయ్యి ఊపుకుంటూ వెళ్ళి, భార్యతో సహా మొదట కనిపించిన బస్సెక్కాడు. బస్సు ఊరంతా ఒక చుట్టు చుట్టి వాళ్ళని మళ్ళీ రైల్వే స్టేషను ముందే దింపింది. "ఊరు చూశాంగా," అంది భార్య.

రెండో బస్సు దిగి నడుస్తుంటే ఆయనకి ఇంకో కంగారు పట్టుకుంది. ఎటు తిరిగినా ఒకే బోర్డు. గోడల మీద, దుకాణాల మీద, బస్సుల వెనక, తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన నోరారా నవ్వుతున్నాడు. కింద పళ్ళపొడి డబ్బా బొమ్మ, పక్కన పెద్ద అక్షరాల్లో "ఈ వయసులోనూ నా పళ్ళు నావే!" అని రాసుంది. కంగారయ్య ప్రతి బోర్డు దగ్గరా ఆగిపోతున్నాడు.

"అలా నిలబడిపోతారేమండీ?"

"ఎక్కడో చూసినట్టుంది."

"చూడకుండా ఎలా ఉంటారు? స్టేషను దగ్గర్నుంచీ ఆయనే వెంటపడుతున్నాడు."

"అది కాదు. ముఖం తెలీదు. నవ్వు తెలుసు."

"ముఖం తెలీకుండా నవ్వు తెలియడమేమిటి? కడుపులో తేడాగా ఉందా?"

ఉందేమోనని ఆయనకీ అనుమానం వచ్చింది. ఎందుకైనా మంచిదని విరుగుడు మాత్ర ముందే వేసుకున్నాడు.

ఆసుపత్రి బయటనుంచి బాగానే ఉంది. దాని చుట్టుపక్కల ఇళ్ళే బాగాలేవు. ఒక ఇంటాయన కుక్క ఉందన్నాడు, ఇంకొకాయన నీళ్ళు లేవన్నాడు, మరొకావిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసి అద్దెకివ్వడం లేదని చెప్పి, అద్దెకివ్వబడును అన్న అట్టముక్కని వాళ్ళెదురుగానే లోపలికి తీసుకుపోయింది. ఎండ తలమీదికి వచ్చింది. గొడుగు అప్పుడైనా వేసుకోవచ్చని ఆయనకి తట్టలేదు. వీధి చివర దర్జీ దుకాణం నీడలో చతికిలబడి, కొత్తవాళ్ళమని చెప్పకూడదన్న నిర్ణయం కూడా మర్చిపోయి, గోడు వెళ్ళబోసుకున్నాడు.

దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడాడు. "ఆ ఆకుపచ్చ గేటు కనిపిస్తోందా? పళ్ళపొడి పెద్దాయన ఇల్లు. పై వాటా ఖాళీ. మొన్న కొలతలకొచ్చినప్పుడు ఆయనే చెప్పాడు, మంచివాళ్ళుంటే పంపించమన్నాడు. పిల్లలకి ఇంకా చెప్పలేదట, గొడవ చేస్తారని. మీరు పెద్దాయనతోనే మాట్లాడండి."

ఇక్కడ ఒక్క సంగతి చెప్పుకోవాలి. ఇల్లు వెతుక్కునేవాడికి వాటా అంటే రెండు గదులూ, ఓ వంటిల్లూ. ఆకుపచ్చ గేటు వెనకున్నవాళ్ళకి మాత్రం ఆ మాటకి ఆ అర్థం ఉందని గుర్తులేదు. పెద్దాయన పళ్ళపొడి వ్యాపారాన్ని పిల్లలకి పంచేస్తానని అన్న దగ్గర్నుంచీ ఆ ఇంట్లో తెల్లారితే వాటా, పొద్దుగూకితే వాటా. ఆ రోజే పంపకం తేలుస్తానంటే కూతురు మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అల్లుడు వకీలు. కొడుకు ఎలాగూ అదే ఇంట్లో ఉంటాడు. ముగ్గురూ ముందుగదిలో కూర్చుని, లోపల నిద్రపోతున్న పెద్దాయన ఎప్పుడు లేస్తాడా అని తలుపుకేసి చూస్తున్నారు. మేడమీది గదుల్లో ఏళ్ళ తరబడి పాత పళ్ళపొడి డబ్బాలు తప్ప ఎవరూ ఉన్నది లేదు కనక అవి ఎవరికీ గుర్తులేవు.

కంగారయ్య గేటు తీసి, చెప్పులు విడిచి, గుమ్మంలో నిలబడి చేతులు జోడించాడు.

"పెద్దాయనగారున్నారాండీ? పై వాటా సంగతి మాట్లాడదామని వచ్చాం."

కొడుకు చేతిలోని టీ తొణికి లుంగీ మీద పడింది. కాలిందన్న సంగతి కూడా అతను గమనించలేదు.

"ఏ వాటా?"

"పై వాటా అండీ."

కొడుకు చెల్లెలికేసి చూశాడు. "పై వాటా అట."

"అంటే?" అంది ఆవిడ.

"పై సంపాదన అంటారు చూడు, అలాగన్నమాట. మన వాటాలు కాక, పైన ఇంకోటి."

కంగారయ్యకి ఆ గుసగుసలు వినపడలేదు. కుర్చీ చూపిస్తే అంచుమీద కూర్చున్నాడు. గొడుగు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాన్నగారు పడుకున్నారు. ఏదున్నా మాతో చెప్పండి," అన్నాడు కొడుకు. "అసలు మీకీ సంగతి ఎవరు చెప్పారు?"

"వీధి చివర దర్జీగారండీ. ఆయనకి పెద్దాయనగారే చెప్పారట. పిల్లలకింకా తెలీదు, మెల్లిగా చెబుతానన్నారట."

"మెల్లిగా!" అంది కూతురు.

"దర్జీకి చెప్పి మనకి చెప్పలేదు!" అన్నాడు కొడుకు.

వాళ్ళ ముఖాలు చూసి కంగారయ్య భయపడ్డాడు. మర్యాదగా ఉంటుందని వెంటనే అన్నాడు: "కింది వాటా మీద మాకేం ఆశ లేదండీ. అది మీరే ఉంచుకుంటారని తెలుసు. మాకు పై వాటా చాలు."

"అంటే కిందది మాకు, పైది మీకు!"

"అంతేనండీ. మీ అంతటి కుటుంబానికి కిందది ఇరుకే అనుకోండి, కానీ ఇన్నాళ్ళూ సర్దుకున్నారు కదా!"

కంగారయ్య భార్య మాటల్లోకి దిగింది. మేడమెట్లు బయటినుంచే ఉన్నాయని ఆవిడ వస్తూనే గమనించింది. "దారి వేరైతే చాలండీ. మీ దారి మీది, మా దారి మాది. మీకు మావల్ల ఏ ఇబ్బందీ ఉండదు."

"ఎంతమంది మీరు?" అంది కూతురు.

"మేమిద్దరమే. పిల్లల్లేరు. మా అమ్మ అప్పుడప్పుడూ వచ్చి ఉంటుంది," అన్నాడు కంగారయ్య.

"అమ్మా? ఆవిడ ఇంకా... ఉన్నారా?"

"గుండ్రాయిలా ఉందండీ. ఇవాళ తనూ వస్తానంది. ఇలాంటి వ్యవహారాలు ఆవిడకి బాగా అలవాటు. ఎలాంటి పెద్దాయననైనా మాటల్తో మెత్తబరిచేస్తుంది."

కూతురు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని, ఇంకా మెత్తగా అడిగింది: "మరి మీ నాన్నగారు?"

"నాన్నని నేను చూసి ఎరగనండీ."

కూతురు పమిటతో కళ్ళొత్తుకుంది. కంగారయ్యకి అది కొత్తగా అనిపించింది. అద్దెకి దిగేవాణ్ణి పుట్టుపూర్వోత్తరాలు అడగడం ఎక్కడైనా ఉన్నదే గానీ, చెప్పినదానికి ఇంతగా కదిలిపోవడం ఆయన ఎక్కడా చూడలేదు. పెద్ద ఊళ్ళో మనుషులకి మనసులు ఉండవంటారు, అదంతా గిట్టనివాళ్ళు పుట్టించిన మాట అనుకున్నాడు.

"ఏవూరు మీది?" అన్నాడు కొడుకు.

కంగారయ్య చెప్పాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. కొన్నేళ్ళ కిందట పెద్దాయన పనుందని పదేపదే వెళ్ళొచ్చిన ఊరు అదే. ఏం పనంటే చెప్పేవాడు కాదు. వెళ్ళొచ్చినప్పుడల్లా రెండురోజులపాటు ఎవరితోనూ మాట్లాడకుండా, నోరు తెరవకుండా గదిలో కూర్చునేవాడు.

"నేనప్పుడే అన్నాను," అంది కూతురు. "నాన్న ఏదో దాస్తున్నారని."

ఏమీ అర్థంకానప్పుడు కంగారయ్య నవ్వుతాడు. అది సంతోషం నవ్వు కాదు, భయం నవ్వే. కానీ నవ్వంటూ వచ్చాక పళ్ళు కనపడక తప్పదు. కూతురు ఆ పళ్ళకేసి చూసింది. మూలనున్న పెట్టెలోంచి పళ్ళపొడి డబ్బా ఒకటి తీసి దానిమీది బొమ్మకేసి చూసింది. మళ్ళీ పళ్ళకేసి చూసింది.

"అన్నయ్యా, ఎడమపక్క కోరపన్ను చూడు."

కొడుకు డబ్బాని కంగారయ్య చెంప పక్కన పెట్టి పోల్చి చూశాడు. "అచ్చం అదే."

"నాకు రాలేదు ఆ పలువరస. నీకూ రాలేదు."

"ఇతనికొచ్చింది," అన్నాడు కొడుకు. ఆ గొంతులో పుట్టెడు దుఃఖం ఉంది.

వకీలు అల్లుడు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "పళ్ళు కోర్టులో నిలబడవు. రుజువులేమన్నా ఉన్నాయా?"

"అన్నీ తెచ్చానండీ," అని కంగారయ్య గుర్తింపు కాగితాలకోసం సంచి తెరిచి తిరగేశాడు. మూడు రకాల మాత్రలూ నేలమీద దొర్లాయి. "మా డాక్టరుగార్ని అడిగినా చెబుతారు. నా గురించి ఆయనకి అంతా తెలుసు."

"డాక్టరు సాక్ష్యం కూడానా! అయితే రక్తపరీక్షకి సిద్ధమేనా?"

కంగారయ్య భార్య చెవిలో అన్నాడు: "పెద్ద ఊళ్ళల్లో ఇలాగే ఉంటుందేమోనే. అంటురోగాలవీ లేవని చూసుకుంటారు కాబోలు." తర్వాత గొంతు సవరించుకున్నాడు. "సిద్ధమేనండీ. కావాలంటే ఇద్దరం చేయించుకుంటాం."

అంత ధైర్యంగా ఒప్పుకున్నాడంటే ఇక అనుమానం లేదన్నట్టు అల్లుడు వెనక్కి వాలిపోయాడు. కొడుకు లేచి అటూ ఇటూ తిరిగి, కంగారయ్య ముందు ఆగాడు.

"నాకు తిరుగుడు మాటలు రావు. సూటిగా అడుగుతున్నాను. మీరు ఈ ఊరికి రాకుండా ఉండాలంటే మేమేం చెయ్యాలి?"

కంగారయ్యకి పైప్రాణాలు పైనే పోయాయి. ఇల్లు ఇవ్వం అనడం వేరు, అసలు ఊళ్ళోకే రావద్దనడం వేరు. గోడమీది గడియారం చూశాడు. సాయంత్రం ముంచుకొస్తోంది. ఇక ఇంకో గుమ్మం ఎక్కే ఓపిక లేదు. లోపల ఇన్నాళ్ళూ కుక్కుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది.

"అలా అనకండి బాబూ. నేను మీనుంచి ఏమీ పట్టుకుపోవడానికి రాలేదు. నాకు ఉద్యోగం ఎక్కడైనా ఒకటే, గదిలో కూర్చుని చేసుకునే పని. కానీ ఈవిడకి ఒకసారి ప్రాణం మీదికొచ్చినప్పుడు వీధిలో ఏ తలుపు కొట్టాలో తెలీక పిచ్చివాడిలా తిరిగాను. కొడితే మొహంమీదే మూసేశారు. మళ్ళీ అలాంటి రోజొస్తే నేను తట్టుకోలేను. ఒక్క తలుపండీ. కొడితే మమ్మల్ని చూసి, 'ఓహో, మీరా' అనే తలుపు ఒక్కటి. ఇంకేమీ వద్దు."

ఆయన కళ్ళు తడిశాయి. భార్య ఆయనకేసి చూడకుండా ఆయన మోచెయ్యి పట్టుకుంది. కూతురు మాత్రం ఆపుకోలేకపోయింది. భోరుమని ఏడుస్తూ వచ్చి టీచరమ్మ చేతులు పట్టేసుకుంది.

"వదినా! ఇన్నేళ్ళూ ఎన్ని కష్టాలు పడ్డారో! మా గుమ్మం ఉండగా మీకీ గతేమిటి?" అని కంగారయ్యకేసి తిరిగింది. "అన్నయ్యా, ఎవరు కాదన్నా నేను నీ చెల్లెల్నే."

టీచరమ్మ నివ్వెరపోయింది. "మీ ఊళ్ళో వరసలు ఇంత తొందరగా కలిపేసుకుంటారాండీ?" అంది. ఆవిడకి మనసులో మాత్రం ఊరు కాస్త నచ్చడం మొదలైంది.

ఆ ఏడుపుకి లోపల పెద్దాయనకి మెలకువ వచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు తీసి, కొత్తవాళ్ళని చూడగానే మళ్ళీ వేసేశాడు. లోపల గ్లాసు చప్పుడైంది. మరో నిమిషానికి జుట్టు దువ్వుకుని, తువ్వాలు తీసేసి, బోర్డుల మీద నవ్విన నవ్వే నవ్వుతూ బయటికొచ్చాడు. వ్యాపారం చేసుకునే మనిషి, ఎవరొచ్చినా ముందు నవ్వాల్సిందే.

అంత దగ్గర్నుంచి ఆ నవ్వుని చూడగానే కంగారయ్య కుర్చీలోంచి ఎగిరి లేచాడు. ఆ కోరపన్ను ఎక్కిన వాలు, పక్కపంటి మీద తన ఆకురాయి నడిచిన నునుపు! బోర్డుమీద నవ్వుని చూశాడు గానీ అందులో తన పనితనాన్ని పోల్చుకోలేదు.

"దొరికారు! ఏమేవ్, తెలిసినవాళ్ళు దొరికారు! నేను చెప్పలేదూ, ముఖం తెలీదు గానీ నవ్వు తెలుసని? అయ్యా, మీ పళ్ళు నా..."

"ఏవూరు బాబూ నీది?" అన్నాడు పెద్దాయన గబగబా.

కంగారయ్య చెప్పాడు. పెద్దాయన ముఖాన నెత్తురుచుక్క లేదు.

"ఏం చేస్తుంటావు?"

"పళ్ళ డాక్టరుగారి దగ్గరండీ. వెనకగదిలో..."

పెద్దాయనకి పెద్ద దగ్గు తెర వచ్చింది. దగ్గుతున్నా ఒక చెయ్యి మూతికి అడ్డం పెట్టుకోవడం మర్చిపోలేదు.

"చూశారా!" అన్నాడు కొడుకు బావగారితో. "వృత్తి కూడా పళ్ళదే. రక్తంలో ఉంటే ఎక్కడికి పోతుంది?"

అల్లుడు లేచి నిలబడ్డాడు. కోర్టులో ఎలా నిలబడతాడో అలాగే. "మామయ్యగారూ, ఇతను పై వాటా కోసం వచ్చానంటున్నాడు. మీరే ఇస్తానన్నారంటున్నాడు. ఆ సంగతి అలా ఉంచండి. నేనడిగేది ఒకటే. మీ పలువరస ఇతనికెలా వచ్చింది?"

దర్జీతో తనే అన్న మాట ఆ భయంలో పెద్దాయనకి గుర్తే రాలేదు. గదంతా కలియజూశాడు. గోడపొడుగునా పేర్చిన డబ్బాలు, డబ్బా డబ్బాకీ తన ముఖం, ముఖం కింద నా పళ్ళు నావే. ఆ ఒక్క మాటమీద నిలబడ్డ కర్మాగారం. అల్లుడి ప్రశ్నకి ఉన్న జవాబులు రెండే రెండు. ఒకటి చెబితే మనిషి పరువు పోతుంది, ఇంకోటి చెబితే సరుకు పరువు పోతుంది. భార్య పోయి చాలాకాలమైంది, అడిగేవాళ్ళు లేరు. ఆయన వ్యాపారస్థుడు కనక ఎక్కువసేపు ఆలోచించలేదు.

"ఎలా వస్తుంది? నానుంచే వచ్చింది," అన్నాడు తలదించుకుని. "నా కొడుకే."

కూతురు ఘొల్లుమంది. కొడుకు గోడకి ఆనుకున్నాడు. కంగారయ్య నోరు తెరిచాడు. "అదేంటండీ, మా అమ్మ..." అన్నాడో లేదో భార్య ఆయన కాలు గట్టిగా తొక్కింది. భర్త ప్రతి సెట్టులోనూ తన కోరపన్నే దించుతాడన్న సంగతి ఆవిడకి పెళ్ళైనప్పటినుంచీ తెలుసు. లెక్క ఆవిడకి అప్పటికే తేలిపోయింది.

కానీ కాలు తొక్కితే ఆగే కంగారు కాదది. "అయ్యో, ఎక్కడో పొరపాటు జరుగుతోందండీ. మేం అద్దెకోసం వచ్చాం!"

"దేనికి అద్దె?" అన్నాడు అల్లుడు.

"అదేనండీ, పై వాటాకి. మేడమీది రెండు గదులూ వంటిల్లూ. దర్జీగారు ఖాళీగా ఉన్నాయన్నారు."

అందరూ ఒకేసారి పైకప్పుకేసి చూశారు. మొదట కొడుకుకి అర్థమైంది. ముఖంలోకి మెల్లిగా ప్రాణం తిరిగొచ్చింది. ఆ తర్వాత పెద్దాయనకి అర్థమైంది. ఆయన మాత్రం అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వడిగింది... మేడా?" అన్నాడు నీరసంగా.

"అవునండీ."

"మొదటే చెప్పొచ్చుగా బాబూ!"

"వస్తూనే చెప్పానండీ!"

"ఆగండాగండి," అన్నాడు అల్లుడు, వదిలే రకం కాదు. "మరి మామయ్యగారు ఇప్పుడు ఒప్పుకున్నది?"

ఆ ప్రశ్న ఎవరికీ వినపడలేదు. కూతురు ఏడుపు మళ్ళీ అందుకుంది. "అద్దె ఇస్తాడట! కన్నతండ్రి ఇంట్లో అద్దె ఇచ్చి ఉంటాడట! ఎంత అభిమానం ఇతనిది! నాన్నా, ఇలాంటి కొడుకుని ఇన్నాళ్ళూ ఎలా దాచావు నాన్నా?"

"వాటా అక్కర్లేదంటే నాకూ అభ్యంతరం లేదు," అన్నాడు కొడుకు పెద్దమనసుతో. "అన్నయ్యో తమ్ముడో మెల్లిగా తేల్చుకుందాం. డబ్బాలు రేపే దింపించేస్తాను."

గదులు తనే చూపిస్తానని పెద్దాయన లేచాడు. మిగతావాళ్ళెవరూ రావద్దన్నాడు. తండ్రీకొడుకులకి మాట్లాడుకునేవి ఉంటాయని కూతురు అందర్నీ ఆపింది. మేడమెట్లు సగం ఎక్కాక పెద్దాయన వెనక్కి చూసి, కంగారయ్య చెవి దగ్గరికి వంగాడు.

"మీ డాక్టరు ఆసుపత్రి మూసేస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు నాయనా. కింది వరస వదులైపోయింది. మాట్లాడుతుంటే ఎక్కడ జారి బల్లమీద పడుతుందోనని ప్రాణం అరచేతిలో పెట్టుకుని బతుకుతున్నాను. ఈ ఊళ్ళో ఎవరికి చూపించుకోను? నువ్వు దేవుడిలా వచ్చావు. పనిముట్లు తెచ్చుకో. నెలకోసారి కాస్త బిగించావంటే అద్దె ఊసెత్తను."

తనలాంటి కంగారు మనిషి ఇంకొకడు లోకంలో ఉన్నాడని కంగారయ్యకి మొదటిసారి తెలిసింది. ఆయన మీద ఎక్కడలేని జాలి కలిగింది. "గుచ్చుకోవడం లేదు కదండీ?" అన్నాడు ఆత్రంగా. "నిద్రలో మింగెయ్యరు కదా?"

"తీసే పడుకుంటాను."

"అమ్మయ్య. మరి... మా అమ్మ మాటేమిటండీ? ఆవిడ వస్తే?"

పెద్దాయన రెండు మెట్లు ఎక్కి ఆలోచించాడు. "ఆ సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

పై గదులు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి గానీ గాలి బాగా వస్తోంది. టీచరమ్మ కిటికీ తెరిచి వీధిలోకి చూసింది. దర్జీ నోట్లో గుండుసూదులతోనే తల ఎత్తి పలకరింపుగా చెయ్యూపాడు. కింద గుమ్మంలోంచి కూతురు కేకేసింది: "వదినా, టీ చల్లారిపోతోంది!" ఆవిడ చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడింది. భర్త వచ్చి పక్కన నిలబడ్డాక, "ఈ ఇంట్లో ఏ తలుపు కొట్టినా తీస్తారండీ," అంది. ఆ గొంతు లెక్కలు చెప్పే గొంతులా లేదు. కంగారయ్య అక్కణ్ణుంచే ఆసుపత్రికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పేశాడు.

తిరుగు రైలు కదిలి కాస్త కుదుటపడ్డారో లేదో ఫోన్ మోగింది. అవతల తల్లి.

"ఏరా, ఇల్లు దొరికిందా?"

"దొరికిందమ్మా."

"వచ్చే నెల నేనూ వచ్చేస్తాను. ముందు ఆ ఇంటాయన ఎలాంటివాడో నేను చూడాలి. అవునూ, ఆ ఊళ్ళో మనకి తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

కంగారయ్య భార్యకేసి చూశాడు. ఆవిడ చటుక్కున కిటికీవైపు తిరిగిపోయింది. ఆయన సంచిలో చెయ్యి పెట్టి, ఏ రకమో చూడకుండా ఒక మాత్ర వేసుకున్నాడు.

"ఉన్నారమ్మా," అన్నాడు. "నీకు బాగా తెలిసినాయనే. ఆ సంగతి నీకింకా తెలీదు, అంతే."